వెనక్కి చాపిన చెయ్యి

రఫీ,

నీ స్కాట్లండ్ ఫుట్‌బాల్ డిఫెండర్ ఇక్కడికొచ్చాడు. సొంతూరి క్లబ్బులో మొదలుపెట్టి, పెద్ద క్లబ్బుకు చేరి, మోకాలు పాడై చిన్న క్లబ్బుల్లోకి జారిన మనిషి చివరికి సిడ్నీలో తేలాడు. హారిస్ పార్క్‌లో మన గది గోడకి నువ్వు అంటించిన ఫొటోలో కంటే బాగా లావయ్యాడు.

నిన్న మన ప్రసాద్‌ని కూడా లాక్కెళ్లి మ్యాచ్ చూశాను. అవతలి జట్టుకి కార్నర్ కిక్ దొరికిన ప్రతిసారీ నీ డిఫెండర్ బంతి మీంచి చూపు తిప్పకుండా, వెనక మనిషి ఎక్కడున్నాడో చూసుకోవడానికి ఎడమచెయ్యి వెనక్కి చాపుతున్నాడు. రోడ్డు దాటేటప్పుడు నువ్వూ నా ముందు నిలబడి అలాగే చాపేవాడివి. వాడి దగ్గరే నేర్చుకున్నానని చెప్పేవాడివి.

"గోల్ లేదు, ఏం లేదు. ఆర్వో మొత్తం వేస్ట్ రా," అన్నాడు ప్రసాద్, మధ్యాహ్నాన్ని ఇక్కడివాళ్లలాగే ఆర్వో అంటూ.

ఏమీ జరక్కుండా చూడటమే డిఫెండర్ పని అని నువ్వైతే గొడవేసుకునేవాడివి. కంప్యూటర్లలో తేదీలు సరిచేసే మన వైటూకే పని గురించి కూడా అదే అనేవాడివి. రెండువేల సంవత్సరం వచ్చింది, మనం సరిచేసిన బ్యాంకు కంప్యూటర్లు మామూలుగానే నడిచాయి. అది చూడ్డానికి నువ్వు లేవు. దానికి ముందు డిసెంబర్లోనే, పారమట్టా స్టేషన్ ముందు, నన్ను వెనక్కి తోసి నువ్వు కారు కింద పడ్డావు.

నిన్న తిరిగొస్తూ అదే చోట ఆగిపోయాను. ప్రసాద్ అప్పటికే రోడ్డు దాటేశాడు.

"గ్రీన్ పడింది కదరా, రావేం?" అని అవతల నుంచి పిలిచాడు.

నా ఛాతీకి అడ్డంగా నీ చెయ్యి ఉందని వాడికెలా చెప్పను? కాస్త తియ్యి రఫీ. నేను దాటాలి.