దేనికీ ‘సరే’ నొక్కకండి మామయ్యా

మామయ్యా, కంప్యూటర్ బాగుచేశాను. తెరవగానే మీదపడే ప్రకటనలు, ఏది వెతికినా ఇంకెక్కడికో లాక్కుపోయే ఆ పేజీ, అన్నీ తీసేశాను. మళ్ళీ ‘వైరస్ ఉంది, ఈ నంబరుకి ఫోన్ చేయండి’ అని వస్తే చేయకండి. దేనికీ ‘సరే’ నొక్కకండి. నేనొచ్చాక చూస్తాను.

ఇదంతా ఎలా దిగిందో తీసేటప్పుడు తెలిసింది. అత్తయ్య ఆసుపత్రికి వెళ్ళే ముందు తీసిన ఆ ఆఖరి వీడియో తెరుచుకోక, మీరు ఏదో ఉచిత ప్లేయర్ ఎక్కించుకున్నారు. దాని వెనకే ఈ చెత్తంతా వచ్చింది. నిన్న మీ అబ్బాయి ‘ఈ వయసులో ఏం చూస్తున్నారో ఏమో’ అని అంత మాటన్నా మీరు నోరు మెదపలేదు. నాకైనా ఒక్క ముక్క చెప్పకూడదా?

వేరే మంచి ప్లేయర్ వేశాను. వీడియో తెర మధ్యలోనే ఉంది. రెండుసార్లు నొక్కితే చాలు.

ఇంకో మాట. సరిగ్గా వస్తుందో లేదో అని కాస్త పెట్టి చూశాను. తీస్తున్నది మీ అబ్బాయే. అత్తయ్య ఆయన వైపు చూసి, ‘చాల్లే చిన్నోడా, నువ్వూ వచ్చి నాన్న పక్కన కూర్చో’ అంటున్నారు. వీడియో అక్కడితో ఆగిపోయింది.

సాయంత్రం మీ అబ్బాయి ఇంటికొచ్చేదాకా ఆగండి మామయ్యా. ఆయన్నీ పిలిచి పక్కన కూర్చోబెట్టుకోండి.