తొంభై రెండు శాతం విషం

తెనాలి
బాపట్ల ల్యాబు శ్రీనిధి గారికి, జావపిండి మీనాక్షి నమస్కారాలు.

మీ ఫోను ఎవరూ ఎత్తడం లేదు, అందుకే ఈ ఉత్తరం. నా మొక్కజొన్న జావపిండిని రేపల్లెలో ఒక హాస్టల్ వాళ్లు అడిగారు. బూజు వల్ల పుట్టే విషం అందులో లేదని మీ రిపోర్టు తెస్తేనే ఆర్డరట. అది రాకపోతే పిండిమర మూసుకోవాల్సిందే. కాస్త జాగ్రత్తగా చూడండి.

ఇట్లు,
మీనాక్షి

తా.క. చిన్న పొట్లం మీకే. జావలో మజ్జిగ పోసుకుని తాగండి.

బాపట్ల
మీనాక్షి గారికి,

మీ పిండిలో అఫ్లాటాక్సిన్ అనే ఆ విషం కనిపించలేదు. రిపోర్టు జతచేశాను. చివర్లో 'కలిపిన విషం రికవరీ 92 శాతం' అని ఉంటుంది. కంగారు పడకండి.

భవదీయురాలు,
శ్రీనిధి

తా.క. చిన్న పొట్లాన్ని కూడా పొరపాటున పరీక్షించేశాం. అదీ శుభ్రంగానే ఉంది.

తెనాలి
శ్రీనిధి గారికి,

కంగారు పడకండి అన్నది చదివాకే కంగారు మొదలైంది. నేను మంచి పిండి పంపిస్తే మీరు విషం కలిపారా? కలిపినట్టు సంతకం కూడా పెట్టారు. పైగా కలిపినదాంట్లో తొంభై రెండు వంతులే దొరికిందట. మిగతా ఎనిమిది ఏదండి? ఈ కాగితం హాస్టల్ వార్డెన్‌కి ఏ ముఖంతో చూపించను? ఏడుపొస్తోంది.

ఇట్లు,
మీనాక్షి

తా.క. మిగిలిన పిండి తిరిగి పంపకండి. మావారు అడక్కుండా కాచుకు తాగేస్తారు.

బాపట్ల
మీనాక్షి గారికి,

మా మిషను విషాన్ని పట్టగలదో లేదో తెలియాలి కదండి. అందుకని మీ పిండి కొంచెం విడిగా తీసి, కొలిచిన విషం మేమే కలిపి, ఎంత పట్టిందో చూస్తాం. వడకట్టడంలో కొంత పోతుంది. తొంభై రెండు అంటే మిషను బాగా పనిచేసినట్టు. అది మా పనితనం లెక్క, మీ పిండిది కాదు. విషం కలిపిన పిండిని నాశనం చేసేశాం. వార్డెన్ గారికి కూడా ఇదంతా వివరంగా రాస్తాను.

భవదీయురాలు,
శ్రీనిధి

తా.క. ఆ ఎనిమిది శాతం మీ ఇంటికి రాలేదు.

తెనాలి
అమ్మాయి శ్రీనిధికి ఆశీస్సులు.

వార్డెన్‌కి ఏమీ రాయకు తల్లీ. నీ ఉత్తరం అందేలోపే ఆయన రమ్మంటే, భయపడుతూనే కాగితం తీసుకుని రేపల్లె వెళ్లాను. వార్డెన్ వేంకటసుబ్రహ్మణ్యం గారు అక్కడ లెక్కల మాస్టారు కూడా. కళ్లజోడు పెట్టుకుని తిన్నగా చివరి వరుసకే వెళ్లారు. "తొంభై రెండా అండి? మీకు పోటీగా వచ్చిన కుమారి గారి పిండికి ఎనభై అయిదే వచ్చింది" అని ఆర్డరు నాకే రాసిచ్చారు. పిండి మంచిదే కదా, నేనూ నోరు మెదపలేదు.

ఇట్లు,
మీనాక్షి

తా.క. వచ్చేసారి ఇంకాస్త విషం కలిపైనా సరే, వందకి వంద వచ్చేలా చూడు.