రెండు పెదవుల సీలు

బాలమణీ,

నువ్వు పోయి ఏడాదైన ఈ రోజే మన పిండి గిర్నీ మళ్ళీ తిరిగింది. ఇరుసు దగ్గర నూనె కారి పిండిలో కలుస్తోందని అందరూ ఫోరస్ రోడ్డు గిర్నీకే పోతుంటే ఆపేశాను. సైజు చూసి నేను ఇరుసుకు నూనె ఆపే కొత్త రబ్బరు సీలు తెచ్చి వేస్తే, అదీ కారింది. ఎందుకో అర్థం కాలేదు.

మన పద్మ విప్పి చూసి, "బాపూ, ఇది ఒక్క పెదవిది. పిండి దుమ్ముకు అరిగింది. రెండు పెదవులది తేవాలె. ఒకటి నూనెను ఆపుతది, ఇంకోటి దుమ్మును," అన్నది.

రబ్బరు అంచును పెదవి అంటారట. నాకింకా తికమకగానే ఉంది. కానీ కొత్తది వేశాక చుక్క కారలేదు. సంతోషం పట్టలేక మన చాల్‌లో గదిగదికీ తిరిగి చెప్పుకున్నాను. నాకూ ఉన్నవి రెండు పెదవులే, ఒక్క మాటా ఎందుకు ఆగదో.

"జర నోరు మూస్కోరాదు" అనేదానివి. ఇవాళ ఎవరూ అనలేదు. అందుకే నీకు రాస్తున్నాను.