బిడ్డ చేసిన చెవి మిషన్

సిరిసిల్ల, ఆదివారం రాత్రి

ఇయ్యాల మా ఆయనకు నా మాట వినవడ్డది. బట్టనేసే సాంచెల మోతల బతికి బతికి ఆయన చెవులు ఎప్పుడో మందగించినయ్. కొన్న చెవి మిషన్ పాడైతే, దుకాణమోళ్లు బాగుకాదు, కొత్తది కొనుక్కోమన్నరు. జగిత్యాల కాలేజీల ఎలక్ట్రానిక్స్ చెప్పే మా బిడ్డ కవిత, నెట్ల ఎవరో అందరికోసం పెట్టిన నమూనా చూసి, అగ్గిపెట్టెంత మిషన్ తనే చేసి తెచ్చింది.

ఆయన చెవికి పెట్టుకున్నడు. నేను వంటింట్ల అలవాటుగ గొణుక్కుంటున్న, "ఎన్నిసార్లు చెప్పినా ఈ మనిషి చాయ్ గ్లాసు తియ్యడు."

"తీస్తున్ననే," అన్నడు ముందటింట్లకెల్లి.

నాకు సిగ్గు, నవ్వు, ఏడుపు అన్నీ ఒక్కసారే వచ్చినయ్.

పొద్దుగూకినంక పక్కింటి లక్ష్మక్క వచ్చి, తన పెనిమిటికి గూడ గసొంటిదే కావాలన్నది.

"నమూనా అందరిది పెద్దమ్మా, ఎవరన్న చేసుకోవచ్చు," అన్నది కవిత.

"నాకు చేసుకోవస్తదా బిడ్డా?"

నిజమే గదా. నమూనా అందరిదైతే ఏంది, చేసేటోళ్లు, పాడైతే చూసేటోళ్లు ఊరికొక్కరన్న ఉండాలె. అందరిండ్లల్ల కవిత ఉండదాయె.

జరసేపటికి కవిత కోరుట్లల టీవీలు బాగుచేసే తన దోస్తు రజితకు ఫోన్ చేసింది. "నేర్పిస్త, నేర్చుకుంటవా?" అని అడిగింది. ఆలోచించి చెప్తనన్నదట రజిత. ఏమంటదో...

పండుకునేటప్పుడు ఆయన మిషన్ తియ్యనన్నడు.

"చెవి నొస్తది, తియ్యిండ్రి," అన్న.

"ఇంకింత సేపు మాట్లాడే," అన్నడు.

మళ్ల చాయ్ గ్లాసు కాడికెల్లే మొదలువెట్టిన.