అవుట్ కాని పిల్ల

యాడికి,
ఆగస్టు 2003

ప్రేమగల సరళక్కకు,

అక్షరాలు వంకరగా ఉన్నాయని నవ్వొద్దు. నా వేళ్ళు నా మాట ఎప్పుడు విన్నాయి గనక! ముందు అసలు సంగతి చెప్పేస్తాను. నేను బడి మానేస్తాను. గుంతకల్లుకు వచ్చి మీ ఇంట్లోనే ఉంటాను, నీ పాపను ఆడిస్తాను. బావను అడిగి నాయనకు నువ్వే రాయి. చెనిక్కాయ చేను మాడిపోయి, ఆయన తాడిపత్రిలో రాళ్ళ పాలిషు మిషన్ల దగ్గరికి కూలికి పోతున్నాడు. ఇట్లాంటప్పుడు బడి మానేస్తానని ఆయనకు నా నోటితో చెప్పలేను.

ఎవరో వెక్కిరించారనుకుంటావు. వెక్కిరిస్తే తిట్టి వచ్చేదాన్ని, నా నోటికి ఏ జబ్బూ లేదని నీకు తెలుసు. ఈసారి అందరూ మంచిగా ఉన్నారు. అదే నా బాధ.

మాకు పాపన్న సారని కొత్త డ్రిల్లు సారు వచ్చారు. మొదట్లో ఆయన విజిల్ ఊదితే నేను ఉలిక్కిపడి, ఒళ్ళంతా కొయ్యబారి, నిలబడ్డచోటే పడిపోయేదాన్ని. పిరికిదని పిల్లలు నవ్వేవాళ్ళు. నేనూ అదే అనుకున్నాను. తాడిపత్రిలో డాక్టర్ల క్యాంపు పెడితే సారే నన్నూ నాయననూ పిలుచుకుపోయారు. నాయన ఎప్పట్లాగే "పోలియో మేడమ్" అన్నాడు. డాక్టరమ్మ నా మడమలు పట్టి చూసింది. "పోలియో కాదప్పా. కాన్పులో ఊపిరందక మెదడుకు దెబ్బ తగిలిండాది. సెరిబ్రల్ పాల్సీ అంటారు దీన్ని. కాళ్ళకు బలం లేక కాదు, మెదడు చెప్పేది సరిగా అందక బిగుసుకుంటాండాయి. ఆ దెబ్బ ముదిరేది కాదు గానీ, ఊరికే కూర్చోబెడితే కాళ్ళు ఇంకా బిగుస్తాయి. ఆడించండి" అనింది. విజిల్ సంగతి సారు అడిగితే, "అది భయం కాదు సార్, గబుక్కున శబ్దమైతే ఈ పాప ఒళ్ళు దానంతట అదే ఎగురుతాది" అని చెప్పింది. నాయన ఇంటికొచ్చి అమ్మతో, "పోలియో అంటే నలుగురికీ తెలిసేది. ఇప్పుడు దీన్ని ఏమని చెప్పల్ల?" అన్నాడు.

అప్పట్నుంచి సారు విజిల్ మాని ఎర్ర టవలు ఎత్తుతున్నారు. నాకోసమని కుంటాట పెట్టారు. తరిమేవాళ్ళు ఒంటికాలి మీద గెంతాలి, మిగతావాళ్ళు గీతల లోపలే తప్పించుకోవాలి, ముట్టుకుంటే అవుట్. నేను కర్రతో నడుస్తాను. గెంతేవాళ్ళకూ నడిచే నాకూ సరిపోతుందని సారు ఆలోచన. ఆలోచన మంచిదే. కానీ పిల్లలు నా దాకా వచ్చి పక్కకు తిరిగిపోతారు. గెంతడంలో హనుమంతమ్మను మించినవాళ్ళు లేరు, అది కూడా అంతే. టైమైపోయేదాకా నేనొక్కదాన్నే అవుట్ కాకుండా మిగులుతాను. మా జట్టు గెలిచిందని చప్పట్లు! ఇప్పుడు రెండు జట్లూ "ఆటలో అరటిపండు మాకే గావల్ల" అని నాకోసం కొట్లాడుకుంటున్నాయి. అది విని సారు కూడా నవ్వారక్కా. అందరూ ఆడుతుంటే మధ్యలో పాతిన గుంజలాగా ఉంటున్నాను. ఇంట్లో కూర్చుంటే, ఆడుతున్నానన్న అబద్ధమైనా తప్పుతుంది.

నన్ను పిలిపించుకో.

నీ చెల్లెలు,
జ్యోతిలక్ష్మి

గుంతకల్లు

జ్యోతీ,

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. తర్వాత కోపమొచ్చింది. నా పాపను ఆడించడానికి నాకు చేతులున్నాయి. సెలవుల్లో రా, మీ బావ స్టేషనుకు వస్తాడు. బడి మానేసి వస్తే మాత్రం తలుపు తీయను.

ముట్టుకోవడం లేదని వాళ్ళను అంటున్నావే, ముట్టుకోమని ఎప్పుడన్నా అడిగావా? ఊరందరినీ కడిగేసే నోరు నీది, దీని దగ్గరికి వచ్చేసరికి ఏమైంది? అడగందే అమ్మైనా అన్నం పెట్టదు. పోయి ఆ హనుమంతమ్మను అడుగు.

మీ అక్క,
సరళ

యాడికి,
సెప్టెంబరు

సరళక్కకు,

తలుపు తీయనన్నావని నీ మీద కోపంగానే ఉంది. అయినా నువ్వు చెప్పినట్టే చేశాను.

హనుమంతమ్మను అడిగితే, "పడిపోతావు మే, మీయమ్మ నన్ను సంపుతాది" అనింది. పడితే లేస్తాను, వదిలేస్తే మాత్రం జన్మలో నీతో మాట్లాడను అన్నాను. సారుకూ చెప్పాను. ఆయన మొహం చిన్నబోయింది. పిల్లలందరినీ కూర్చోబెట్టి, "ఇంగ మీద జ్యోతిని వదిలేసినోళ్ళే అవుట్" అన్నారు.

నిన్న హనుమంతమ్మ గెంతుకుంటూ నా మీదికే వచ్చింది. నేను తప్పించుకున్నానక్కా, నిజం! కర్రను అటు వేసి ఇటు తిరిగాను. అది మళ్ళీ వచ్చింది. నా మోకాళ్ళు ఒకదానికొకటి చుట్టుకున్నాయి. వీపు మీద చెయ్యి పడింది, నేను బోర్లా పడ్డాను. గడ్డం పగిలింది. మా జట్టులో అప్పటికి మిగిలింది నేనే.

అమ్మ చూసి నెత్తి కొట్టుకుంది. "సాలు నీ బడి! రేపే మీ అక్కతాకి పంపిస్తా" అనింది. నేను కోరిందే కదా, చూడు తమాషా. పోనని మొండికేశాను. నాయన గాయానికి పసుపు అద్దుతూ, "ఎవురన్నా తోసినారా?" అన్నాడు. "లేదు నాయనా, అవుటైనా" అన్నాను. ఆయనకు అర్థమైందో లేదో. ఇవాళ అమ్మ వద్దంటున్నా బడికి పోయాను. రేపు నన్ను బడికి పంపుతుందో లేదో తెలియదు, పంపకపోతే నేనే పోతాను.

ఇవాళ మా జట్టులో ఉండే అంజనమ్మ నా పక్కన కూర్చోలేదు. "నీ వల్లనే ఓడిపోతిమి. రోంత ముందు తిరిగింటే ఏమి?" అని క్లాసులో అందరి ముందూ అరిచింది. గడ్డం నొప్పి కంటే అదే ఎక్కువ నొప్పి పెట్టింది. ఏడుపు ఆపుకోలేక, మధ్యాహ్నం అన్నం కూడా తినలేదు. ఇంటికి వస్తూ దారిలో ఆ మాటే తలుచుకుంటూ నిలబడిపోయాను, ఉన్నట్టుండి నవ్వొచ్చింది.

ఇంతవరకూ నా వల్ల ఎవరూ ఏ ఆటా ఓడిపోలేదక్కా.

నీ చెల్లెలు,
జ్యోతిలక్ష్మి