లిండ్‌వాల్ ఇంటి ఆపిల్ చెట్లు

వెర్బా, సస్కచెవాన్
ఏప్రిల్ 3

చిరంజీవి లారిసాకు నాన్న ఆశీస్సులు. నా ఒంట్లో బాగానే ఉంది. నువ్వూ పిల్లలూ కులాసాగా ఉన్నారనుకుంటాను.

అమ్మ చివరి రోజు గురించి అడిగావు. ఫిబ్రవరి కదా, పొద్దున్నే గడ్డకట్టే చలి. అమ్మ జావ తాగి, చేతిరంపం తుడుచుకుని తోటల సంఘం వాళ్లతో లిండ్‌వాల్ ఇంటికి బయల్దేరింది. నేనూ వెళ్లాను. వాళ్ల ఆపిల్ చెట్లకు కొమ్మలు కాలినట్టు నల్లబడే తెగులు పట్టింది. అలాంటి చెట్టును సంఘమంతా వచ్చి కొట్టాలి, ఇంటివాళ్లు కొమ్మలు మోసి మంటలో వేయాలి. అది మన కట్టుబాటు. ఎవరి చెట్టు మీద వాళ్లకు చెయ్యాడదు.

వాళ్లబ్బాయి గార్త్ అడ్డం నిలబడ్డాడు.

"ఇవి మా నాన్న నాటినవి డారియా. ముట్టుకున్నావంటే బాగుండదు."

"మీ నాన్నే ఉంటే నీకంటే ముందు రంపం పట్టేవాడురా," అంది అమ్మ.

అందరూ నవ్వారు. వాడు నవ్వలేదు. అమ్మ మొదటి కొమ్మ మీద రంపం పెట్టగానే పార ఎత్తి తల మీద కొట్టాడు. కింద పడ్డాక మళ్లీ కొట్టాడు. అమ్మ మరి మాట్లాడలేదు.

ఆ చెట్లు కొట్టేశారా అని కూడా అడిగావు. లేదు. ఆ వాకిట్లోకి ఎవరూ పోవడం లేదు. గార్త్ బెయిలు మీద వచ్చి తల్లి దగ్గరే ఉన్నాడు. నా ఎదుట పడకూడదని కోర్టు చెప్పింది.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. మొన్న గురువారం మధ్యాహ్నం తుపాకీలో తూటాలు వేసుకుని వాళ్ల గేటు ముందు ట్రక్కు ఆపాను. వాడి తల్లి ఇంగా మామ్మ ఇంటి చెప్పులతోనే మంచులోకి వచ్చింది. సీటు మీదున్న తుపాకీని చూసింది.

"వాణ్ణి కాలుస్తావా ఓరెస్ట్?"

"కాలుస్తాను."

"కాలిస్తే నిన్ను పట్టుకుపోతారు. మరి చెట్లెవడు కొడతాడు, మీ తాతా? మే నెలలో అవి పూశాయంటే తేనెటీగలు ఈ తెగులు ఊరంతా అంటిస్తాయి. మీ ఆవిడ చెట్లకు కూడా. ముందు వీటిని కొట్టు. కొమ్మలు నేను మోస్తాను. తర్వాత నీ ఇష్టం."

ఆమె వెనక కొమ్మ మీద అమ్మ రంపపు గాటు తెల్లగా కనిపిస్తోంది. ట్రక్కు వెనక్కి తిప్పాను. కోపం తగ్గిందని అబద్ధం చెప్పను.

రేపు పొద్దున్నే తుపాకుల బీరువా తాళంచెవి సంఘం పెద్ద పెట్రో చేతికిచ్చి, రంపం తీసుకుని లిండ్‌వాల్ ఇంటికి వెళ్తాను.

ఇట్లు,
మీ నాన్న