తలుపేసుకుని చేసిన పని

అనకాపల్లి,
శుక్రవారం.

ప్రియమైన కాసులమ్మక్కకి,

ఫోనులో చెప్దామని మూడుసార్లు మొదలెట్టేను. నా గొంతు చిన్నది కదా, నువ్వు "ఏటే, ఏటే" అంటుంటే చెప్పాల్సింది మింగేసి, కూర గురించి మాట్లాడి పెట్టేసేను. కాగితం దగ్గర గొంతు పెంచక్కర్లేదు. అందుకే రాస్తున్నాను.

మీ మరిదికి, అదే మా ఆయనకి, చేతులు వణకడం మొదలై ఆరేళ్ళయింది. నీకూ చెప్పలేదు. అప్పట్నుంచి ఆయన దగ్గరికొచ్చే పాత వాల్వు రేడియోలన్నీ బాగుచేసేది నేనే. ముందు గదిలో కూర్చుని ఆయన మాట్లాడతారు, వంటింటి పక్క గదిలో తలుపేసుకుని నేను సోల్డరింగ్ చేస్తాను. పేరు ఆయనది. అమ్మవారి మీద ఒట్టు, నేనేమీ అనుకోలేదు.

బెల్లం వ్యాపారి వెంకటరమణమూర్తి గారు వాళ్ళ నాన్నగారి రేడియో తెచ్చేరు. పోయిన ఆ పెద్దాయన సంవత్సరికం నాటికి అది పలకాలని వాళ్ళమ్మ అమ్మణ్ణి గారి కోరిక. ఎలకలు తీగలు కొరికేసేయి, లోపలంతా తుప్పు. మూడు వారాలు కూర్చున్నాను. ఇంకా రెండు పాత కండెన్సర్లు మార్చాలి, అప్పటిదాకా కరెంటు నేరుగా ఇవ్వకండి, మధ్యలో బల్బు పెట్టి నెమ్మదిగా ఎక్కించాలి అని మా ఆయనకి రెండుసార్లు చెప్పేను. సోమవారం మూర్తి గారు నలుగుర్ని వెంటబెట్టుకుని వచ్చేసరికి, ఈయన గొప్పకి నేరుగా ప్లగ్గు పెట్టేసేరు. టప్పుమంది. పొగ. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది.

"ఏటయింది నానాజీ?" అన్నారు మూర్తి గారు.

"మా ఆవిడండీ. దుమ్ము తుడుత్తానని ఏదో తీగ లాగేసుంటాది. ఆడాళ్ళకేటి తెలుత్తాదండి!"

అందరూ నవ్వేరు. నేను కాఫీ గ్లాసులతో గుమ్మంలోనే ఉన్నానక్కా. ఆయన నా మొహం చూస్తూనే అన్నారు, చూస్తూనే నవ్వేరు.

నూకాలమ్మ గుడికెళ్తే దణ్ణం రాలేదు. "నువ్వూ ఆడదానివే కదా, విన్నావా?" అని పైకే అనేసేను. పూజారి తిరిగి చూసేడు. ఇంటికొస్తే ఈయన ఏమీ జరగనట్టు, "కొత్త ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చేను, పనిలో కూకో" అంటున్నారు. కూర్చోను. ఆ రేడియో మూగగానే ఉండనీ, ఆయన పేరు మట్టికొట్టుకుపోనీ.

నీ చెల్లెలు,
చిన్నమ్మలు

* * *

అనకాపల్లి,
బుధవారం.

అక్కా,

పోయిన ఉత్తరం రాసి రెండు వారాలు దాటింది. అన్న మాట మీద నిలబడలేదు. పోయిన పెద్దాయన ఏం పాపం చేసేరు? అలాగని ఈయన చెప్పినట్టూ చెయ్యలేదు. రేడియోని ఆటోలో పెట్టించి, పట్టపగలు మూర్తి గారింటికి తీసుకెళ్ళేను. "ఇన్నాళ్ళూ బాగుచేసింది నేనండీ. పాడుచేసింది మాత్రం నేను కాదు" అన్నాను.

"ఊరుకోండమ్మా! మీరేటి, రేడియో ఏటి!" అని నవ్వేరు మూర్తి గారు.

అమ్మణ్ణి గారు నవ్వలేదు. "నువ్వు నోర్ముయ్ రా. అమ్మా, ఇక్కడే కూకో, నా కళ్ళముందర చెయ్యి."

వాళ్ళ వరండాలో, వచ్చేపోయేవాళ్ళంతా చూస్తుండగా తొమ్మిది రోజులు చేసేను. మూడోరోజు ఈయనొచ్చి, "నా పరువు తీసేవు కదే" అన్నారు. "నాది తీసిననాడు మీరు నవ్వేరండి" అన్నాను. వీధిలోకి వినపడింది. చెయ్యి ఆపలేదు.

సంవత్సరికం పొద్దున్న రేడియో పలికింది. అమ్మణ్ణి గారు దాని పక్క పీట వేసుకుని మధ్యాహ్నం దాకా లేవలేదు.

ఈయన నాతో మాట్లాడటం లేదు. నేనూ పలకరించలేదు. నిన్న కశింకోట నుంచి ఒకాయన రేడియో మోసుకొచ్చి, "చిన్నమ్మలు గారిల్లు ఇదేనాండీ?" అని అడిగేడు. తలుపు తీసింది ఈయనే. చాలాసేపు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. తర్వాత పక్కకి జరిగి, "లోపలుంది" అన్నారు.

నా కోపం మాత్రం తగ్గలేదు. ఈ కాగితాలు నీ పెట్టెలో దాచు, ఎవరికీ చూపించకు. నా దగ్గరుంటే ఏదో ఒకరోజు మెత్తబడి నేనే చింపేస్తాను.

ఇట్లు,
నీ చిన్నమ్మలు